లాల్‌బాగ్‌లో ఒక పగలు: మన పెరటికి ఏం తెచ్చుకోవాలి?

(అనంతపురంలో పెరటితోటలు, మిద్దెతోటలు పెంచుకునేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ ఎండలో కూడా హాలు నిండా వచ్చారంటే మొక్కల మీద మీకెంత ఇష్టమో తెలుస్తోంది. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలున్నాయి.

బెంగళూరులో అంత పెద్ద పూలతోటలున్నాయి కదా, ఒక రోజు పోయి చూసొస్తే మన ఇంటి దగ్గర ఏం నాటుకోవాలో ఆలోచన వస్తుందా, వస్తే ఎలా వస్తుంది అని మాట్లాడమన్నారు. నా జవాబు మొదటే చెప్పేస్తాను. అక్కడ మొక్క పేరు కన్నా ముందు మొక్క ఉన్న చోటు చూడండి. దాని వెనక ఏముంది, పక్కన ఏముంది, ఎన్ని కలిపి పెట్టారు, ఎండ ఎంతసేపు తగులుతోంది, ఏ నెలలో పూస్తోంది. ఇవి రాసుకొస్తే ఆ తోట మీకు పనికొస్తుంది. పేర్లు మాత్రమే రాసుకొస్తే నర్సరీవాడికి పనికొస్తుంది.

మనలో చాలామంది లాల్‌బాగ్ చూసే ఉంటారు. పిల్లలతో పోయుంటారు, పెళ్లికి పోయినప్పుడు ఒక గంట తిరిగుంటారు. ఫోన్ నిండా ఫొటోలుంటాయి. ఆ ఫొటోలు ఒకసారి తీసి చూడండి. అన్నీ పూలే, అన్నీ దగ్గర నుంచి తీసినవే. ఆ పువ్వు ఎంత ఎత్తు మొక్కకు పూసింది, దాని పాదులో ఏమున్నాయి, ఎండ ఎటు నుంచి పడుతోంది, ఏదీ తెలియదు. అందుకే నేను చెప్పేదేమిటంటే, ప్రతి మడినీ ముందు పది అడుగుల వెనక నిలబడి ఒక ఫొటో తీయండి. ఆ తర్వాత కావాలంటే దగ్గరకు పోండి.

ఎప్పుడు పోవాలి? జనవరి 26కు, ఆగస్టు 15కు అక్కడ పూల ప్రదర్శన పెడతారు. గాజుమేడలో లక్షల పూలతో పెద్ద పెద్ద బొమ్మలు కడతారు. చూడదగ్గదే, కాదనను. కానీ నాటుకోవడానికి ఆలోచన కావాలంటే ఆ రోజుల్లో పోవద్దు. అక్కడ కనిపించేవి చాలావరకు కుండీల్లో పెంచి, పూతకొచ్చాక తెచ్చి పేర్చినవి. పది, పన్నెండు రోజులు నిలబడితే వాటి పని అయిపోయినట్టే. మన పెరట్లో మొక్క పన్నెండు నెలలూ నిలబడాలి. దానికి తోడు ఆ రద్దీలో మడి ముందు ఒక నిమిషం కూడా ఆగనివ్వరు. మామూలు మంగళవారమో, బుధవారమో పోండి. పొద్దున ఆరింటికే గేటు తెరుస్తారు. మనకు బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు కాబట్టి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి అక్కడుంటారు. నడకకు వచ్చేవాళ్లు తప్ప ఇంకెవరూ ఉండరు. తోటమాలులు నీళ్లు పడుతూ, మళ్లు గోకుతూ కనిపిస్తారు. ఆ పని చూడ్డం కూడా చదువే.

కొంచెం చరిత్ర చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ చరిత్రలోనే మనకు కావాల్సిన సంగతి ఉంది. లాల్‌బాగ్‌ను 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు. అప్పుడు నలభై ఎకరాలు. మన మడకశిరకు దగ్గర్లోనే కర్ణాటకలో శిరా ఉంది కదా, అక్కడ మొగలుల సుబేదారు వేయించిన తోట ఒకటి ఉండేది. దాన్ని చూసే హైదర్‌కు ఈ ఆలోచన వచ్చి ఉంటుందని చెబుతారు. అంటే ఈ రోజు మనం చూసి నేర్చుకుందామని పోయే తోట కూడా ఇంకొక తోట చూసి వచ్చి వేసిందే! టిప్పు సుల్తాన్ తండ్రి పనిని కొనసాగించి దూర దేశాల నుంచి విత్తనాలు, మొక్కలు తెప్పించాడు. 1856లో అది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానవనం అయింది. 1874లో తోట సూపరింటెండెంటుగా జాన్ కామెరాన్ వచ్చాడు, ఆయన హయాంలోనే 1889లో గాజుమేడకు పునాది పడింది. మనం పప్పులో వేసుకునే బెంగళూరు వంకాయను అక్కడికి తెచ్చి పెంచింది కూడా ఆయనేనంటారు. ఇప్పుడు తోట మొత్తం 240 ఎకరాలు.

ఆ తర్వాత వచ్చినాయన గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర 1865లో పుట్టాడు. లండన్ క్యూ గార్డెన్స్‌లో పని చేసి, బరోడా మహారాజు పిలిస్తే 1893లో మన దేశం వచ్చాడు. 1908లో మైసూరు మహారాజు ఆయన్ని లాల్‌బాగ్‌కు తెచ్చుకున్నాడు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ జర్మన్ అని పట్టుకెళ్లి నిర్బంధంలో పెట్టారు. అయినా ఈ దేశం వదిలి పోలేదు, 1956లో బెంగళూరులోనే కన్నుమూశాడు.

ఈయన చేసిన గొప్ప ఆలోచన ఏమిటంటే, ఊళ్లో చెట్లు నాటేటప్పుడు ఏ చెట్టు ఏ నెలలో పూస్తుందో చూసి నాటాలన్నాడు. ఒకటి రాలిపోయే సమయానికి ఇంకొకటి విరగబూయాలి. ఏడాదిలో ఏ నెల చూసినా ఊళ్లో ఎక్కడో ఒక చోట చెట్టు నిండా పూలుండాలి. ఈ రోజు బెంగళూరు రోడ్ల మీద కనిపించేది అదే. చలికాలం ముగిసేటప్పుడు గులాబీరంగు టెబుబియాలు, వాటి వెంట పసుపు టెబుబియాలు, ఫిబ్రవరి, మార్చిలో నీలం జకరండాలు, ఏప్రిల్ నుంచి ఎర్ర తురాయిలు, పచ్చ తురాయిలు, ఎండ ముదిరాక రేల. ఇప్పుడున్న చెట్లన్నీ ఆయన నాటించినవి కావు. 1980లలో నెగినహాళ్ అనే అటవీ అధికారి లక్షల మొక్కలు నాటించారు. ఇంకా ఎందరో ఉన్నారు. కానీ నెలల వారీగా పూలు చూసుకుని నాటాలన్న దారి క్రుంబీగల్‌ది.

ఇది వినగానే "మనకు రోడ్లు లేవు, పదడుగుల పెరడు, లేదంటే మిద్దె మీద ముప్పై కుండీలు, మనకెందుకు?" అని అనిపించవచ్చు. నిజానికి మనకే ఎక్కువ కావాలి. ఒక్కసారి ఆలోచించండి. సంక్రాంతి నాటికి మన ఇళ్లలో చామంతి, బంతి, డిసెంబరాలు అన్నీ ఒకేసారి విరగబూసి ఉంటాయి. చుట్టాలొచ్చి "అబ్బ, ఎంత బాగుంది" అంటారు. అదే ఆషాఢంలో వస్తే? నాలుగు మందారాలు, ఒక గన్నేరు, మిగతావన్నీ ఎండు పుల్లలు. మనం నర్సరీకి పోయేది చలికాలంలో, కొనేది అక్కడ ఆ రోజు పూసి ఉన్నవి. అందుకే మన తోట మొత్తం చలికాలంలోనే పూస్తుంది. చలికాలంలో ఎన్నిసార్లు పోయినా చలికాలం పూలే తెచ్చుకుంటాం.

కాబట్టి ఒక కాగితం తీసుకుని పన్నెండు తెలుగు నెలలు ఒకదాని కింద ఒకటి రాయండి. మీ ఇంట్లో ఏ నెలలో ఏం పూస్తుందో ఎదురుగా రాయండి. చైత్ర, వైశాఖాలకు మల్లె ఉంటుంది. పక్కనే కదిరి మల్లెలు పెట్టుకుని మనకు ఆ లోటెందుకు? వానలు మొదలయ్యాక జాజి. ఆశ్వయుజానికి పారిజాతం, బంతి. కార్తీకం నుంచి చామంతి, డిసెంబరాలు. మందారం, నందివర్ధనం, నూరువరహాలు, బిళ్లగన్నేరు మాత్రం ఎప్పుడూ ఎంతో కొంత పూస్తూనే ఉంటాయి. రాశాక చూస్తే ఏ నెల ఎదురుగా ఖాళీ ఉందో తెలిసిపోతుంది. చాలామందికి జ్యేష్ఠం, ఆషాఢం ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీని మనసులో పెట్టుకుని లాల్‌బాగ్‌కు పోండి. కుదిరితే ఆ నెలలోనే పోండి. అప్పుడు అక్కడ ఏం పూసి ఉందో అదే మీకు కావాల్సిన మొక్క.

నెలను బట్టి నాటడమంటే వెనక్కి లెక్కపెట్టడం. దసరాకు బంతి కావాలనుకుందాం. నారు పెరగడానికి సుమారు నెల, నాటాక పూతకు దాదాపు రెండు నెలలు. అంటే పండగకు మూడు నెలల ముందు విత్తనం నేలలో పడాలి. పండగ ముందు రోజు మార్కెట్లో కిలో ఎంత చెబితే అంత పెట్టి కొనడం కన్నా ఆషాఢంలో గుప్పెడు విత్తనాలు చల్లుకోవడం సులువు కదా. మల్లె సంగతి ఇంకో రకం. నవంబరు ఆఖర్లో కొమ్మలు కత్తిరించి, కొన్నాళ్లు నీళ్లు తగ్గించి, మళ్లీ ఎరువేసి నీళ్లు పెడితే ఎండాకాలం మొగ్గ బాగా పడుతుంది. ఏడాదంతా పచ్చగా ఉండాలని రోజూ నీళ్లు పోస్తే పొదంతా ఆకే. కాగితపు పూల చెట్టు కూడా అంతే, కొంచెం దాహంతో ఉంచితేనే పూస్తుంది.

చామంతి గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే పోయిన సమావేశంలో ఇద్దరు ముగ్గురు అడిగారు. మొక్క ఏపుగా ఉంది, మొగ్గ మాత్రం రావడం లేదు అని. చామంతికి రాత్రి పొడుగు కావాలి. రాత్రులు పెరుగుతున్నాయని తెలిశాకే అది మొగ్గ తొడుగుతుంది. మీ కుండీ వీధి దీపం కింద ఉన్నా, రాత్రంతా వెలిగే బాల్కనీ లైటు పక్కన ఉన్నా దానికి రాత్రి రానట్టే లెక్క. చామంతి సాగు చేసేవాళ్లు పూత వెనక్కి జరపాలంటే కావాలనే రాత్రిపూట బల్బులు వేస్తారు. మీ కుండీని చీకటి ఉన్న వైపుకు జరపండి, అంతే.

ఇక లాల్‌బాగ్ లోపలికి పోదాం. అన్నీ చెప్పను. బోన్సాయ్‌లు, మొక్కల్ని కత్తిరించి చేసిన బొమ్మలు, పూల గడియారం, ఇవన్నీ సరదాగా చూసి రండి, మన పనికి వాటితో పెద్దగా అవసరం లేదు. నేను ఎక్కువసేపు నిలబడింది గాజుమేడకు దగ్గర్లో ఉన్న ఒక మడి ముందు. చాలా మామూలు మడి. వెనక ముదురాకుపచ్చ కంచె మొక్కలు. వాటి ముందు ముదురు ఎరుపు ఆకుల మెట్టతామర, నడుం ఎత్తున, వరసగా. దాని ముందు మోకాలి ఎత్తున కోడిజుట్టు పూలు, అదే ఎరుపు. అంచున జానెడు ఎత్తులో బూడిద పూసినట్టుండే డస్టీ మిల్లర్. అంతే, కంచె కాకుండా మూడే రకాలు. దూరం నుంచి చూస్తే మాత్రం అడుగు ముందుకు పడదు.

ఎందుకని చాలాసేపు చూశాను. మొదటి సంగతి, ఏదీ ఒక్కటిగా లేదు. మెట్టతామర ఒక్కటి కాదు, వరసంతా ఉంది. మనం ఏం చేస్తాం? నర్సరీకి పోయి పది రకాలు, రకానికి ఒకటి తెస్తాం. అప్పుడు మన మడి పెళ్లి ఫొటోలో చుట్టాలందరూ తలొక దిక్కు చూస్తున్నట్టుంటుంది. పది రకాల్లో ఒక్కొక్కటి బదులు మూడు రకాల్లో నాలుగేసి తేండి. ఖర్చు కూడా దాదాపు అంతే అవుతుంది. రెండో సంగతి, వెనకున్న ముదురాకుపచ్చ. అది లేకపోతే ఆ ఎరుపు అంత ఎరుపుగా కనపడదు. మన ఇళ్లలో వెనక ఉండేది సున్నం గోడ. తెల్ల గోడ ముందు తెల్ల నందివర్ధనం పెడితే ఎవరికి కనిపిస్తుంది? గోడకు ముందు ఏదైనా ముదురాకు తీగను పాకించండి, లేదా ఆ గోడ ముందు మందారమో, ఎర్ర నూరువరహాలో పెట్టండి.

ఆ మడిలో పని చేస్తున్న తోటమాలి మనవాడే, తెలుగులోనే మాట్లాడాడు. బెంగళూరులో అదొక సుఖం కదా. పక్కనే రంగురంగుల ఆకులుండే కోలియస్‌ల దగ్గర కూర్చుని, మొక్క చివర సన్నగా పైకి లేస్తున్న పూల కాడల్ని బొటనవేలి గోరుతో టక్కున తుంచేస్తున్నాడు. "అదేం నాయనా, పూలను తీసేస్తున్నావు?" అని అడిగాను. "దీనికి ఆకే పువ్వమ్మా. ఆ కాడను వదిలితే మొక్క పైకి సాగిపోయి కింద బోసిపోతుంది" అన్నాడు. నాకు చూపించడానికి ఒక కొమ్మ పట్టుకుని, పై నుంచి రెండు జతల ఆకులు వదిలేసి, ఆ కింది జతకు సరిగ్గా పైన తుంచాడు. అక్కడ ఆకు మొదల్లో రెండు వైపులా చిన్న చిన్న పిలకలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఒక కొమ్మ పోయింది, రెండు కొమ్మలకు చోటొచ్చింది. బంతికి, చామంతికి కూడా లేత వయసులో ఇలాగే తల తుంచాలి. చాలామందికి చెయ్యి రాదు, పాపం అనిపిస్తుంది. తుంచండి. ఇంకో మాట కూడా అన్నాడు: "రంగులు రెండు చాలమ్మా. మూడోది కావాలంటే తెలుపైనా ఉండాలి, ఆకైనా ఉండాలి." ఆ మడిలో బూడిదరంగు డస్టీ మిల్లర్ చేస్తున్న పని అదే.

చెరువు వైపు పోయేటప్పుడు తెల్ల బూరుగు చెట్టు ఒకటుంది. తప్పకుండా చూడండి. పాత వృక్షం, దాని వేర్లు నేల పైన గోడల్లా లేచి ఉంటాయి. ఇద్దరు మనుషులు ఆ వేళ్ల మధ్య నిలబడితే ఒకరికొకరు కనిపించరు. అంత చెట్టు మనం పెంచలేం. అక్కడ నేను చూడమనేది పెద్ద చెట్ల కింద నీడలో ఏం పెట్టారో అన్నది. తోటలో నిద్రగన్నేరు లాంటి గొడుగు చెట్ల కింద పూలమొక్కలు పెద్దగా పెట్టరు, పెట్టినా పూయవు. ఆకుల మొక్కలే ఉంటాయి. వెడల్పాటి ఆకు, సన్నటి ఆకు, చారల ఆకు, చీలికల ఆకు. రంగు ఒకటే పచ్చ. అయినా కంటికి విసుగు రాదు, ఎందుకంటే ఆకుల ఆకారాలు వేరు.

మన ఇళ్లలో నీడ ఎక్కడుంటుంది? వేపచెట్టు కింద, పక్కింటి గోడ పక్కన, మెట్ల కింద. అక్కడ గులాబీ పెట్టి పూయలేదని బాధపడుతుంటాం. గులాబీకి కనీసం ఆరు గంటల ఎండ కావాలి, నీడలో అది పూయమన్నా పూయదు. అక్కడ ఫెర్న్‌లు, మనీప్లాంట్, సింగోనియం, స్నేక్ ప్లాంట్ పెట్టండి. ఒక చిన్న కిటుకు. క్రోటన్‌కు ఎండ తగిలితేనే ఎరుపు, పసుపు తేలతాయి, నీడలో పెడితే పచ్చబడిపోతుంది. కోలియస్‌కు దీనికి విరుద్ధం, మన ఎండలో దాని రంగు వెలిసిపోతుంది. రెండూ రంగుల ఆకులే కదా అని పక్కపక్కన పెడితే ఒకటి తప్పకుండా దెబ్బతింటుంది.

ఇక ఆ బండ. కెంపేగౌడ బురుజు ఉన్న గుట్ట. జనం దాని మీద కూర్చుని సెల్ఫీలు తీసుకుంటారు. అది మూడు వందల కోట్ల ఏళ్ల నాటి రాయి. దేశంలోని జాతీయ భూగర్భ స్మారక చిహ్నాల్లో అదొకటి. ఇంతకీ మన అనంతపురం నేల కింద ఉన్నది కూడా ఆ జాతి రాయే. తోట మధ్యలో అంత బండ ఉంటే ఎవరైనా దాన్ని పగలగొట్టి మొక్కలు పెడదామనుకుంటారు. వాళ్లు అలాగే వదిలేశారు. అందుకే చుట్టూ ఉన్న పచ్చదనం అంత బాగా కనిపిస్తుంది. మన పెరళ్లలో బండ తగిలితే కూలీలను పెట్టి తవ్విస్తాం, లేదా సిమెంటు పోసేస్తాం. అలా చేయకండి. బండ పక్కన పగుళ్లలో కాస్త ఎర్రమట్టి, ఇసుక కలిపి వేసి నాచుపూలు, కలబంద, అడీనియం పెట్టండి. వేడిని ఓర్చుకునే మొక్కలే కాబట్టి మన ఎండకు జడవవు. రాయలసీమ పెరటికి ఇంతకన్నా అందమైన మూల ఇంకొకటి ఉండదని నేను గట్టిగా నమ్ముతాను. వేలు పోసి లాన్ వేయించుకుని, రోజూ నీళ్ల ట్యాంకరు కోసం టెన్షన్ పడేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మధ్యాహ్నం లాల్‌బాగ్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారితే కబ్బన్ పార్కు స్టేషన్‌లో దిగవచ్చు. ఆ పార్కును 1870లో రిచర్డ్ శాంకీ అనే ఇంజినీరు వేయించాడు. ఇప్పుడు దాదాపు మూడు వందల ఎకరాలు. అక్కడ పూల మళ్లు తక్కువ, చెట్లు, వెదురు పొదలు, నడక దారులు ఎక్కువ. పొద్దున అన్ని పూలు చూశాక కాళ్లు లాగుతుంటాయి కాబట్టి ఎక్కడైనా బెంచీ మీద కూర్చోండి. కూర్చున్నాక ఒకటి గమనించండి. ఆ బెంచీ నుంచి ఏం కనిపిస్తోంది? వెనక వెదురు పొద ఉంటుంది, ముందు దారి వంపు తిరిగి ఎటో పోతుంటుంది. ముందు కూర్చునే చోటు, ఆ తర్వాత చూపు పోయే దిక్కు. మన ఇంట్లో మాత్రం మొక్కలన్నీ గేటు బయటికి కనిపించేలా పెడతాం, ఇంట్లోవాళ్లు కాఫీ తాగేది వెనక వరండాలో. వంటింటి కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చూసుకుని అక్కడ మొదటి మొక్క పెట్టండి. రోజులో ఎక్కువసార్లు చూసేది ఆ కిటికీలోంచే.

ఇప్పుడు అసలు జాగ్రత్త. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఎండాకాలంలో వాళ్లకు 36, 37 డిగ్రీలు వస్తేనే వార్త. మనకు 42 వచ్చినా అడిగేవాడు లేడు. వాళ్లకు ఏడాదికి 900 మిల్లీమీటర్ల పైన వాన, మనకు 550 పడితే గొప్ప. కాబట్టి అక్కడ కళ్లకు కట్టేసినవన్నీ ఇక్కడ బతకవు. హైడ్రేంజియా, ఫుషియా లాంటి చల్లటి ఊళ్ల మొక్కలు తెచ్చుకోకండి, మార్చి దాటవు. పెటూనియా, ఎర్ర సాల్వియా బాగానే వస్తాయి, అయితే మనకవి చలికాలం మొక్కలు. సెప్టెంబరు, అక్టోబరులో విత్తుకుంటే ఫిబ్రవరి దాకా పూస్తాయి, ఆ తర్వాత తీసేయాల్సిందే.

మరి ఆ మడి నాకు నచ్చింది కదా, ఏం చేయాలి? మడి అమరికను తెచ్చుకోండి, మొక్కల్ని మార్చండి. డస్టీ మిల్లర్ మన ఎండకు నిలవదు అనుకుంటే అంచున తెల్ల బిళ్లగన్నేరు పెట్టండి, అది మే నెలలో కూడా నవ్వుతూనే ఉంటుంది. మెట్టతామరకు నీళ్లు ఎక్కువ కావాలి, అంత నీళ్లు లేకపోతే వెనక వరసకు ఎర్ర అకలైఫా. కోడిజుట్టు పూలు మనకు బాగానే వస్తాయి, వాటిని మార్చక్కర్లేదు. బొగడబంతి పెట్టినా సరే, కోశాక కూడా వాడదు. వెనక పొడుగు, మధ్యలో రంగు, అంచున తెలుపు. అమరిక అదే, మొక్కలన్నీ మనవే. మిద్దె మీద కుండీలైతే ఇంకా సులువు, నచ్చకపోతే జరుపుకోవచ్చు. పడమటి గోడ పక్కన మాత్రం మధ్యాహ్నం తర్వాత గోడ వేడి కూడా మొక్కకు తగులుతుంది. అక్కడ కాగితపు పూలు, అడీనియం తప్ప ఇంకేవీ పెట్టకండి.

నేను చెప్పాల్సింది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: పెరడు చిన్నది, టెబుబియా చెట్టు పెట్టుకోవచ్చా అని అడిగారు.)

టెబుబియా పెద్దయ్యే చెట్టండీ. ప్రహరీకి, సంపుకు దగ్గరగా వద్దు. వీధి వైపు జాగా ఉంటే, పైన కరెంటు తీగలు లేకపోతే పెట్టండి. వాన లేని రోజుల్లో ఆకు రాల్చి బోడి కొమ్మల మీద పూస్తుంది కాబట్టే అంత దూరం కనిపిస్తుంది. ఆకు రాలిపోతోంది, చెట్టు చచ్చిపోతోందేమో అని కంగారుపడి అప్పుడు బిందెల కొద్దీ నీళ్లు పోయకండి. చిన్న పెరటికైతే దేవగన్నేరు మేలు. అదీ ఆకు రాల్చి పూస్తుంది, అదుపులో ఉంటుంది, కొమ్మ విరిచి నాటినా బతుకుతుంది.

(ఇంకొకరు: అక్కడి నర్సరీలో మొక్కలు కొనవచ్చా, దారిలో పాడవవా అని అడిగారు.)

లాల్‌బాగ్ లోపలే నర్సరీవాళ్ల సహకార సంఘం అమ్మకం ఉంది, మంచి మొక్కలే దొరుకుతాయి. అయితే అక్కా, మన కడియం మొక్కలు ఇక్కడి నర్సరీలకే వస్తున్నాయి కదా, మామూలు రకాలను అక్కడి నుంచి మోసుకురావాల్సిన పనిలేదు. ఇక్కడ దొరకనిది కనిపిస్తేనే కొనండి. కొనేముందు కవర్ అడుగున చూడండి, వేర్లు బయటికి వచ్చి చుట్టలు చుట్టుకుని ఉంటే అది కవర్‌లో ఎక్కువ రోజులు ఉండిపోయిందన్నట్టు. చిన్న మొక్క, కొత్త చిగురున్నది తీసుకోండి, పూలున్నది వద్దు. సాయంత్రం రైలెక్కే ముందు తీసుకోండి, పొద్దున కొని రోజంతా చేత పట్టుకు తిరిగితే వాడిపోతుంది. ఇంటికి తెచ్చిన రోజే కుండీ మార్చకండి. వారం, పది రోజులు చెట్టు నీడలో ఉంచి, తర్వాత పొద్దుటి ఎండకు మాత్రం చూపించి, అప్పుడు చల్లబడ్డాక సాయంత్రం పూట నాటండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఏమీ కొనకండి. ఆ రెండు నెలలూ పోయి చూడండి, పుస్తకంలో రాసుకోండి. తొలకరి పడ్డాక కొందురు గాని.